తీగ లేని వీణకు చివరికి ఒక తీగ

“మెట్లు లేని పట్టీ అన్నావు. మరి గాంధారం మెట్లెక్కుతోందేం బాబూ?”

అడిగినావిడ వీణ విద్వాంసురాలు. ఎదురుగా ఎనిమిది మంది శిష్యులు. ఒళ్లో నేను తయారుచేసి ఇచ్చిన ఎలక్ట్రానిక్ వీణ. అంతకుముందు మూడు వారాలు మా ఇంట్లో ఇదే వాద్యం మీద ఇదే తోడి రాగపు గాంధారం నూనె మీద జారినట్టు జారింది. ఆ రోజు మాత్రం కంపితం, అంటే స్వరాన్ని ఊపే గమకం, ఊగడం మానేసి ముక్కలుగా విరిగి వచ్చింది. కారణం దొరకడానికి నాలుగు రోజులు పట్టింది. తప్పు పట్టీలో లేదు, ధ్వని ప్రోగ్రాములో లేదు. ఎవరో శిష్యురాలి చేతిసంచిలో నిద్రపోతున్న ఫోనులో ఉంది. సరిగ్గా చెప్పాలంటే, ఆ ఫోను నిద్ర నా ప్యాకెట్లకు, అంటే వాద్యం పంపే సమాచారపు పొట్లాలకు, అడ్డు తగిలేలా నేను రాసుకున్న కోడులో ఉంది.

ఈ పనిలో నేను చేసిన పొరపాట్లు, దిద్దుబాట్లు వరసగా రాస్తున్నాను. మైక్రోకంట్రోలరుతో, అంటే పరికరాల్లో అమర్చే చిన్న కంప్యూటరు చిప్‌తో, వాద్యాలు చేసే వారికి వీటిలో కొన్నయినా ఎదురవుతాయి.

వాద్యం

ఆవిడ కోరిక చిన్నదే. పాఠం చెప్పేటప్పుడు గమకం ఎలా ఊగుతోందో శిష్యులకు తెర మీద గీతగా కనిపించాలి, ధ్వని స్పీకర్లలో రావాలి. ఆవిడ వీణకే సెన్సర్లు బిగిద్దామని నేను మొదట అన్నాను. పనస దుంగను తొలిచి చేసిన బొబ్బిలి వీణ అది. “దానికి మేకు కాదు కదా, జిగురు కూడా అంటనివ్వను” అన్నారు. న్యాయమే. దండి వెడల్పున ఒక చెక్క పలక చేయించి, దాని మీద సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రాలకు నాలుగు సాఫ్ట్‌పాట్ పట్టీలు అతికించాను. ఒక్కొక్కటి 500 మిల్లీమీటర్లు. వేలు ఎక్కడ ఆనిందో పట్టీ చెబుతుంది, ఎంత బలంగా నొక్కిందో దాని కింద పరిచిన ఎఫ్‌ఎస్‌ఆర్ అనే ఒత్తిడి సెన్సర్ చెబుతుంది. కుడి వైపు మీటుకు నాలుగు, తాళపు తీగలకు మూడు పియెజో బిళ్లలు, ఇవి అదురును పసిగడతాయి. మొత్తం పదిహేను సెన్సర్లు.

వీటిని చదివేది ఈఎస్‌పీ32 అనే మైక్రోకంట్రోలరు. దానిలో ఉన్న ఏడీసీని, అంటే వోల్టేజీని అంకెగా మార్చే భాగాన్ని, నమ్ముకోలేదు. రెండు ఏడీసీ విభాగాల్లో ఒకటి వైఫై నడుస్తుండగా పనికిరాదు, రెండోది పైఅంచుల్లో వంగిపోతుంది. అందుకని ఎనిమిదేసి చానళ్ల ఎంసీపీ3208 చిప్‌లు రెండు పెట్టాను. 12 బిట్లంటే 4,096 మెట్లు. పట్టీ మీద రెండు స్థాయులు, అంటే 2,400 సెంట్లు (స్థాయిలో 1,200వ వంతు ఒక సెంటు), పరిస్తే ఒక్కో మెట్టు 0.6 సెంటు లోపే. చెవికి అందని తేడా.

ఒక లోపం ముందే ఒప్పుకోవాలి. అసలు వీణలో గమకం చాలావరకు తంతిని మెట్టు మీద పక్కకు లాగడంలో పుడుతుంది. పట్టీ మీద లాగడానికేమీ లేదు, జారడమే. “ఇది వీణ కాదు, చిత్రవీణకు చెల్లెలు” అని ఆవిడ మొదటి రోజే తేల్చేశారు. ఇంకో చిక్కు పట్టీ స్వభావంలోనే ఉంది. వేలు తీసే క్షణంలో దాని వోల్టేజీ ఒక్కసారిగా కిందికి పడుతుంది, స్వరం చివర చిన్న ఏడుపు వినిపిస్తుంది. ఒత్తిడి ఒక హద్దు కంటే తగ్గగానే స్థానాన్ని చదవడం ఆపి పాత విలువనే పట్టుకుంటే అది పోయింది.

ధ్వని పుట్టేది వేరే పెట్టెలో: రాస్ప్‌బెరీ పై 4 (ఇకనుంచి ‘పై’) అనే చిన్న కంప్యూటరు మీద ప్యూర్ డేటా అనే ధ్వని ప్రోగ్రాము. గమకం గీత గీసేది ఒక లాప్‌టాప్. వినేవారు ఇద్దరు కావడం తర్వాత కథకు ముఖ్యం.

మిడి ఎందుకు వద్దనుకున్నాను

మిడి అంటే ఎలక్ట్రానిక్ వాద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాష. దాని మీద నాకు చిన్నచూపు లేదు. 1983 నుంచి ఏ రెండు వాద్యాలను కలిపినా పలుకుతోంది. గమకానికి మిడి చాలదని చెప్పేవారితో కూడా ఏకీభవించను. స్వరాన్ని సాగదీసే పిచ్ బెండ్ సందేశం 14 బిట్లది, 16,384 మెట్లు. అటూ ఇటూ రెండేసి స్థాయులకు సాగదీసినా ఒక్కో మెట్టు 0.3 సెంటు దాటదు. చాలనిది తీగ వేగం. ఐదు పిన్నుల తీగ మీద సెకనుకు 31,250 బిట్లు, ఒక బైటుకు 10 బిట్లు, అంటే బైటుకు 0.32 మిల్లీసెకను. ఒక తంతికి పిచ్ బెండ్ మూడు బైట్లు, ఒత్తిడి రెండు. నాలుగు తంతులకు 20 బైట్లు, 6.4 మిల్లీసెకన్లు. మీటు సంగతి ఎత్తకముందే సెకనుకు 156 సార్ల దగ్గర తీగ నిండిపోయింది. పైగా ఒత్తిడికి ఏడే బిట్లు. 127 మెట్ల మీద నాదం మెల్లగా పెరుగుతుంటే చెవి పెట్టి వినేవారికి గరగర తెలుస్తుంది.

యూఎస్‌బీ మీద మిడి నడిపితే వేగం సమస్య ఉండదు, కానీ రెండు పెట్టెలకు ఒకేసారి చెప్పలేను. అందుకే ఓఎస్‌సీ, అంటే ఓపెన్ సౌండ్ కంట్రోల్ వైపు వెళ్లాను. బర్కిలీలోని సీఎన్‌మ్యాట్ అనే సంగీత పరిశోధన కేంద్రంలో మ్యాట్ రైట్, ఏడ్రియన్ ఫ్రీడ్ దీన్ని రూపొందించి 1997లో ప్రకటించారు. 1.0 వివరణ 2002లో వచ్చింది. అది కేబుల్ ఎలా ఉండాలో చెప్పదు, సందేశం ఎలా ఉండాలో మాత్రమే చెబుతుంది: ఒక చిరునామా, విలువల రకాలు, విలువలు. చిన్న చిప్‌ల మీద ఇది బరువు అనేవారికి 2008లోనే జవాబు దొరికింది. ఆండీ ష్మీడర్, ఫ్రీడ్ కలిసి ఒక పిక్ మైక్రోకంట్రోలర్ మీద మైక్రో-ఓఎస్‌సీ నడిపి చూపారు. దానితో పోలిస్తే ఈఎస్‌పీ32 ఏనుగు.

సందేశం ఎలా ఉండాలి

ఓఎస్‌సీలో ప్రతిదీ నాలుగు బైట్ల గళ్లలో కూర్చోవాలి. చిరునామా చివర కనీసం ఒక సున్నా బైటు ఉండాలి, ఆపైన మొత్తం నాలుగు గుణిజం అయ్యేదాకా సున్నాలు నింపాలి. నా మొదటి చిరునామాలు “/వీణ/1”, “/వీణ/2” అనే ధోరణిలో ఉండేవి. (ఓఎస్‌సీ ఆస్కీ అక్షరాలనే ఒప్పుకుంటుంది కనుక కోడులో ఇవి రోమన్ లిపిలో ఉంటాయి, తెలుగులో చిరునామా రాసే భాగ్యం లేదు.) రోమన్‌లో అవి సరిగ్గా ఎనిమిది అక్షరాలు. ఎనిమిది నాలుగుకు గుణిజమే కదా అని సున్నాలు పెట్టలేదు. పెట్టాలి, అవి 12 బైట్లవుతాయి. అటువైపు ప్రోగ్రాము రకాల వరసను కూడా చిరునామాలో కలిపి చదివేసి, అర్థం కాక ఊరుకుంది. నేను వాడిన యూడీపీలో, అంటే అందిందో లేదో చూడకుండా ప్యాకెట్లు పంపేసే పద్ధతిలో, తప్పు చేస్తే తిట్టేవారు ఉండరు, నిశ్శబ్దమే జవాబు.

రెండో తప్పు బైట్ల వరస. ఓఎస్‌సీ పెద్ద బైటును ముందు పెడుతుంది, ఈఎస్‌పీ32 చిన్న బైటును. తిప్పకుండా పంపిన 1.0 అవతల లెక్కకు రానంత చిన్న భిన్నమై తేలింది. పట్టీ చివరిదాకా వేలు జరిపినా తెర మీద సున్నాయే కనిపిస్తుంటే, నేను సోల్డరింగ్ అనుమానించి సగం రోజు తీగలు పీకి మళ్లీ అతికాను.

ఇవి ఎవరైనా ఒక పూటలో దాటే తప్పులు. అసలు ఆలోచించాల్సింది ఏం పంపాలన్నది. మిడి అలవాటు మనచేత జరిగినదాన్ని పంపిస్తుంది: ‘మీటారు’, ‘వదిలారు’. తీగ మీద అది సరే. దారిలో ప్యాకెట్టు పోయే వీలున్న చోట ‘వదిలారు’ ఒక్కటి పోతే చాలు, ఆ స్వరం మోగుతూనే ఉంటుంది. ఇంట్లో రెండుసార్లు అలా అయింది. స్పీకరు పెరికితే తప్ప ఆగలేదు.

అందుకని పద్ధతి మార్చాను. ఏం జరిగిందో చెప్పడం మానేసి, ప్రతి 5 మిల్లీసెకన్లకు వాద్యం ఇప్పుడు ఎలా ఉందో పూర్తిగా చెప్పడం మొదలుపెట్టాను. ఒకే చిరునామా, ఒకే సందేశం. అందులో ఒక క్రమసంఖ్య, నాలుగు స్థానాలు, నాలుగు ఒత్తిళ్లు, ఒక్కో తంతిని ఇప్పటిదాకా ఎన్నిసార్లు మీటారో నాలుగు లెక్కలు, చివరి మీటు బలం నాలుగు. మూడు తాళపు తీగలకు కలిపి ఒకే పూర్ణాంకం, ఎనిమిదేసి బిట్ల చొప్పున. మీటు లెక్కే ఇందులో కీలకం. అవతలి ప్రోగ్రాము కిందటి ప్యాకెట్టు లెక్కకూ ఇప్పటి లెక్కకూ తేడా చూస్తుంది. 41 తర్వాత 42 ఉన్న ప్యాకెట్టు పోయినా, తర్వాతి దానిలోనూ 42 ఉంటుంది కనుక మీటు 5 మిల్లీసెకన్లు ఆలస్యంగా మోగుతుందే గాని మాయం కాదు. వేలు తీయడం గురించి విడిగా చెప్పనే అక్కర్లేదు, ఒత్తిడి సున్నా అయితే తీసినట్టే.

ఇది నేను కనుగొన్నదేమీ కాదు. 2006లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 4695, అంటే నెట్‌వర్కు మీద మిడి పంపే ఆర్‌టీపీ-మిడి, ప్రతి ప్యాకెట్టుతో పాటు ఒక చిట్టా మోస్తుంది; పోయినవాటిని అవతలివారు ఆ చిట్టా చూసి సరిచేసుకుంటారు. అది ఇంకా సాధారణమైన పరిష్కారం, రాయడానికి నాకు ఇంకా కష్టమైనది. ఒకే వాద్యం, నాకు తెలిసిన సెన్సర్లు, కాబట్టి సులువైన దారి పట్టాను.

బైట్ల లెక్క: చిరునామా ఒక్కటే మిగిలింది కనుక 8, రకాల వరస కామాతో కలిపి 20, పద్దెనిమిది విలువలు 72. మొత్తం సరిగ్గా 100. యూడీపీ, ఐపీ తలకట్లు కలిపితే 128. మొదటి 28 బైట్లు ఎప్పటికీ మారవు. కనుక ఫర్మ్‌వేర్ (చిప్‌లో నడిచే ప్రోగ్రాము) మొదలయ్యేటప్పుడే వాటిని ఒక గళ్ల పెట్టెలో రాసిపెట్టి, ప్రతిసారీ మిగిలిన 72 మాత్రం దిద్దుతాను. నడుస్తుండగా కొత్త మెమరీ అడగడం అన్నది లేదు. స్థానాలను సెకనుకు 1,000 సార్లు చదివి ఐదేసి సగటు తీస్తాను, పియెజోలను 4,000 సార్లు. ఈ చదువుడంతా ఒక కోరులో, వైఫై పనులు రెండో కోరులో.

నిద్రపోయిన ఫోను

ఇక ఆ రోజుకు వస్తాను. వినేవారు ఇద్దరు కదా అని ప్యాకెట్లను బ్రాడ్‌కాస్ట్ చేశాను, అంటే నెట్‌వర్కులో ఉన్న అందరికీ ఒకేసారి పంపాను. ఐపీ చిరునామాలు తెలుసుకునే పని లేదు, కొత్త లాప్‌టాప్ వచ్చినా దానంతట అదే వింటుంది. ఎంతో తెలివైన పని అనుకున్నాను. మా ఇంట్లో ఈ పనికే విడిగా పెట్టుకున్న రౌటరులో మూడే యంత్రాలు: వాద్యం, పై, లాప్‌టాప్. మూడింటిలోనూ వైఫై విద్యుత్ పొదుపును ముందే ఆపేశాను. లాప్‌టాప్ నుంచి శ్రుతి మార్చినప్పుడు వాద్యం నిదానంగా స్పందిస్తుంటే కారణం అదేనని అప్పుడే తెలిసింది కనుక.

పాఠం రోజు శిష్యులు గమకం గీతను తమ ఫోన్లలో చూస్తామన్నారు. సరేనని రౌటరు పాస్‌వర్డు నేనే చెప్పాను. మొదటి ఫోను చేరిన కాసేపటికే గాంధారం మెట్లెక్కింది.

ముందు ప్రోగ్రామును అనుమానించాను, తర్వాత బ్యాటరీని, ఆ తర్వాత గోడలను. మూడో రోజు రాత్రి నెట్‌వర్కును గమనించే వైర్‌షార్క్ ప్రోగ్రాము తెరిచి ప్యాకెట్లు వచ్చిన సమయాలు చూశాను. క్రమసంఖ్యలు దాదాపు అన్నీ ఉన్నాయి. కానీ 5 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున రావలసినవి ఇరవై, ఇరవై ఒకటి కట్టగా ఒక్కసారి వచ్చి పడుతున్నాయి, తర్వాత నిశ్శబ్దం, మళ్లీ కట్ట. నేను పంపేది సెకనుకు 200. ఇరవైన్నర ప్యాకెట్లు అంటే 102 మిల్లీసెకన్ల చిల్లర. ఆ సంఖ్యను ఎక్కడో చూశాను. వైఫై రౌటర్లు సాధారణంగా 102.4 మిల్లీసెకన్లకు ఒకసారి బీకన్, అంటే ‘నేనున్నాను’ అనే పిలుపు, పంపుతాయి.

దాంతో ముడి వీడింది. బ్యాటరీ కోసం ఫోను తన రేడియోను ఆపి, బీకన్ సమయానికి మాత్రం మేలుకుంటుంది. బ్రాడ్‌కాస్ట్ అందరికీ చెందింది. నిద్రపోయేవారు ఒక్కరున్నా వారికీ వినిపించాలి. కాబట్టి రౌటరు బ్రాడ్‌కాస్ట్ ప్యాకెట్లన్నిటినీ పోగుచేసి, అందరూ మేలుకునే బీకన్ తర్వాత ఒక్కసారి వదులుతుంది. మా మూడూ మెలకువగానే ఉన్నాయి. నిద్రపోయింది సంచిలోని ఫోను, శిక్ష పడింది గాంధారానికి. సెకనుకు ఐదు ఊపుల కంపితం అనుకుంటే, ఒక్కో ఊపుకు ప్యూర్ డేటాకు అందినవి రెండే బిందువులు. మెట్లు కాక మరేం వినిపిస్తాయి?

ఇంకొకటి: రౌటరు నుంచి బయటికి వెళ్లే బ్రాడ్‌కాస్ట్‌కు అందినట్టు రసీదు ఉండదు, అందకపోతే మళ్లీ పంపడం ఉండదు. ఒక్కరికే పంపే యూనికాస్ట్‌కు వైఫై పొరలోనే ఆ రెండూ ఉన్నాయి. మార్పు చిన్నదే. పై, లాప్‌టాప్ తమ ఉనికిని ఎండీఎన్‌ఎస్ (నెట్‌వర్కులో పేరు చెప్పుకునే పద్ధతి) ద్వారా ప్రకటిస్తాయి, వాద్యం వాటి చిరునామాలు తెలుసుకుని అదే 100 బైట్లను రెండుసార్లు పంపుతుంది. రాస్ప్‌బెరీ పైని రౌటరుకు కేబుల్‌తో కలిపాను, గాలిలో ఒక అంగ తగ్గింది. తర్వాతి పాఠానికి ఎనిమిది ఫోన్లూ చేరాయి. గాంధారం ఊగింది.

సభ

పాఠం గదిలో కుదిరింది సభలో కుదరలేదు. ఈఎస్‌పీ32కు తెలిసింది 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే. అక్కడ ఒకదాని మీద ఒకటి పడని చానళ్లు మూడు: 1, 6, 11. హాలు నిండాక మూడూ కిక్కిరిసిపోయాయి. యూనికాస్ట్ కనుక ప్యాకెట్లు పోలేదు, కానీ మళ్లీ మళ్లీ పంపడంలో కొన్ని ఆలస్యంగా చేరాయి. ఆలస్యం కన్నా దాని హెచ్చుతగ్గులే వాద్యకారులను ఇబ్బంది పెడతాయి. డేవిడ్ వెసెల్, మ్యాట్ రైట్ 2002లో స్పందనకు 10 మిల్లీసెకన్లు, హెచ్చుతగ్గులకు 1 మిల్లీసెకను హద్దు అన్నారు. 10 మిల్లీసెకన్లలో ధ్వని గాలిలో మూడున్నర మీటర్లు పోతుంది. అంత దూరంలో కూర్చున్న మృదంగంతో ఎవరైనా వాయిస్తారు. ఆ మృదంగం వాయిస్తుండగా ముందుకూ వెనక్కూ జరుగుతుంటే మాత్రం వాయించలేరు.

అందుకని రాస్ప్‌బెరీ పైలో ప్యూర్ డేటాకు ముందు ఒక చిన్న సి ప్రోగ్రాము పెట్టాను. వచ్చిన ప్రతి ప్యాకెట్టునూ 15 మిల్లీసెకన్లు, అంటే మూడు ప్యాకెట్ల మేర, ఆపి వరసగా వదులుతుంది. గడియారాలు కలిపే గొడవ పెట్టుకోలేదు. 5 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున పంపుతున్నప్పుడు క్రమసంఖ్యే కాలం. కాకపోతే రెండు పెట్టెల స్ఫటికాలు కచ్చితంగా ఒకే వేగంతో నడవవు. పది లక్షలకు 40 వంతుల తేడా ఉన్నా గంటకు 144 మిల్లీసెకన్లు. అంటే కచేరీ సగంలోనే నా నిల్వ అయితే ఎండిపోతుంది, లేదా పొంగిపోతుంది. అన్నిటికన్నా త్వరగా చేరిన ప్యాకెట్లను గమనిస్తూ నిల్వను కొద్దికొద్దిగా సవరించాల్సి వచ్చింది.

ఇంత చేశాక కూడా రద్దీ హాలులో ఆవిడ ముఖం నాకు నచ్చలేదు. 15 మిల్లీసెకన్ల పైన ధ్వని కార్డు ఆలస్యం, స్పీకరు దూరం. “చేతికి బరువుగా ఉంది” అన్నారు. పరీక్ష పరికరాలు చెప్పలేని మాట అది, నేను నమ్మిన మాట కూడా.

ఆ రాత్రి ఇంటికి వస్తూ అనిపించింది: ఈ వాద్యం కూర్చుని వాయించేది. ఒకసారి చాప మీద కూర్చున్నాక కచేరీ అయ్యేదాకా కదలరు. మరి గాలిలో ఎందుకు పంపుతున్నాను? కొత్తగా కనిపిస్తుందని. అంతకు మించి నా దగ్గర జవాబు లేదు.

డబ్ల్యూ5500 ఈథర్నెట్ చిప్ తెచ్చి పెట్టాను. ప్యాకెట్టులో ఒక్క బైటు మారలేదు. ఓఎస్‌సీ కేబుల్ గురించి పట్టించుకోకపోవడం వల్ల కలిగిన లాభం నాకు ఇక్కడే తెలిసింది. మొదట దీన్ని ఏడీసీలున్న ఎస్‌పీఐ (చిప్‌లు మాట్లాడుకునే తీగల) దారిలోనే కలిపాను. ప్యాకెట్టు వెళుతున్నంతసేపు పియెజో చదువులు ఆగి, మెత్తని మీటులు తప్పిపోయాయి. రెండో ఎస్‌పీఐకి మార్చాను.

ఆ తర్వాత ఒక సాయంత్రం అభ్యాసం మధ్యలో ఎవరో లాప్‌టాప్ మూత వేశారు. వీణ మూగబోయింది. ధ్వని పెట్టెకూ లాప్‌టాప్‌కూ సంబంధమే లేదు కదా! చిప్ వివరణ పత్రం చదివితే తేలింది. నేను ఒకే సాకెట్ (చిప్ లోపలి పంపే ద్వారం) మీద ఒకసారి రాస్ప్‌బెరీ పైకి, ఒకసారి లాప్‌టాప్‌కు పంపుతున్నాను. గమ్యం మారినప్పుడల్లా చిప్ ఏఆర్‌పీ ద్వారా ‘ఈ ఐపీ ఎవరిది?’ అని మళ్లీ అడుగుతుంది. జవాబు రాకపోతే 200 మిల్లీసెకన్ల చొప్పున తొమ్మిది సార్లు, మొత్తం 1.8 సెకన్లు, ఎదురుచూస్తుంది. అప్పటిదాకా నా కోడు దాని గుమ్మంలో నిలబడి ఉంటుంది. రెండు సాకెట్లు పెట్టొచ్చు. నేను మాత్రం వాద్యానికి ఒక్క గమ్యమే ఉంచాను. అది రాస్ప్‌బెరీ పైకి పంపుతుంది, లాప్‌టాప్‌కు నకలు పంపే పని పైది. తెర ఉన్నా లేకపోయినా నాదానికి పట్టింపు లేదు.

కేబుల్ మీద వైర్‌షార్క్ చూస్తే ప్యాకెట్లు స్కేలు పెట్టి గీసినట్టు 5 మిల్లీసెకన్ల దూరంలో నిలబడ్డాయి. 15 మిల్లీసెకన్ల నిల్వను 5కు దించాను. వైఫై ఫర్మ్‌వేర్‌లోనే ఉంది, కేబుల్ పెట్టకపోతే అదే మేలుకుంటుంది. శిష్యుల ఇళ్లలో దానితోనే నడుస్తోంది.

ఇప్పుడు ఆవిడ అడుగుతున్నది తంతిని పక్కకు లాగే గమకం. ప్రతి పట్టీకి అడ్డంగా జరిగే కదలికను కొలిచే సెన్సర్ కోసం చూస్తున్నాను. నాలుగు విలువలు వరస చివర చేరతాయి. రకాల వరస 24 బైట్లవుతుంది, ప్యాకెట్టు 120. పాత ప్రోగ్రాములు మొదటి పద్దెనిమిది విలువలు చదువుకుని మిగిలినవి వదిలేస్తాయి.